వదిన క్లాసు, మరిది ఓటు

డాలస్‌కు ఉత్తరాన ఒక సబర్బ్. ఏప్రిల్ ఆఖరి ఆదివారం. మే మొదటి శనివారం స్కూల్ బోర్డు ఎన్నిక. ముందస్తు ఓటింగ్ అప్పటికే మొదలైంది. మరిది సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఇద్దరు పిల్లల తండ్రి, అమెరికా పౌరుడు. వదిన గుంటూరులో బీఈడీ చేసి, ఇక్కడికొచ్చాక మళ్లీ పరీక్షలు రాసి మిడిల్ స్కూల్లో సైన్సు టీచరైంది. భోజనాలయ్యాయి. అన్నగారు సోఫాలో కునుకు తీస్తున్నాడు. కంచాలు తీసిన బల్ల మీద అభ్యర్థులు పోస్టులో పంపిన కార్డులు పడున్నాయి.

మరిది: చూడండి వదినా, నాలుగు కార్డులు, నాలుగింటిదీ ఒకటే పాట. పిల్లలే మాకు ముఖ్యం అని. కాదని ఎవడంటాడు? పార్టీ లేదు, గుర్తు లేదు. ఒక ఫొటో, పక్కన భార్యాపిల్లలు, ముందు కుక్క. దీన్ని చూసి ఓటెలా వెయ్యాలి? అందుకే నేను వెయ్యను. తెలియనిదాంట్లో వేలు పెట్టకపోవడమే మంచిది.

వదిన: 2024 జూన్‌లో రాత్రంతా కూర్చుని ఆంధ్ర కౌంటింగ్ చూసిందెవరు? ఏ రౌండులో ఎవరికెంత మెజారిటీయో మీ అన్నయ్యకు ఫోన్ చేసి చెబుతూనే ఉన్నావు. నీకక్కడ ఓటే లేదు. ఓటున్న ఊళ్లో బోర్డు మీద కూర్చునే ఏడుగురి పేర్లు మాత్రం తెలియవు.

మరిది: అది వేరు. అక్కడ రాష్ట్రం ఎవరి చేతికి పోతుందో తేలుతుంది. హైదరాబాద్ నుంచి ఓటుకు బయల్దేరిన కార్లు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరాయంటే ఊరికేనా? ఇక్కడ గెలిచినవాడికి జీతం కూడా ఉండదు. టెక్సస్‌లో ట్రస్టీది, అంటే బోర్డు సభ్యుడిది, ఉచిత సేవ. జీతం లేని పదవికి ఏపాటి అధికారం ఉంటుంది?

వదిన: జీతం లేని మాట నిజమే. కానీ నీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూడు. కౌంటీకింత, సిటీకింత, కాలేజీకింత అని వరసగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద అంకె స్కూల్ డిస్ట్రిక్టుది. ఆ రేటు పెట్టేది ఆ ఏడుగురే. బడ్జెట్‌కు చెయ్యెత్తేది వాళ్లే. సూపరింటెండెంట్‌ను తెచ్చేదీ పంపేదీ వాళ్లే. మా కాంట్రాక్టుల జాబితా కూడా వాళ్ల ముందుకే పోతుంది.

మరిది: పేరుకు వాళ్లు. పగ్గాలు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఉన్నాయి. ఏం చెప్పాలో రాష్ట్రం చెబుతుంది, పరీక్ష రాష్ట్రం పెడుతుంది, పిల్లవాడికి ఇంతని డబ్బు లెక్క రాష్ట్రం కడుతుంది. తలకు 6,160 డాలర్లని 2019లో రాసి అక్కడే వదిలేశారు. ధరలు ఎటు పోయినా పట్టించుకోలేదు. 2025లో ఆ అంకె మీద 55 డాలర్లు వేశారు. ఇంత బిగించిన చోట మీ ఏడుగురు ఏం చేస్తారు? మహా అయితే కాలెండర్‌లో దీపావళికి సెలవు ఇవ్వాలా వద్దా అని తేలుస్తారు.

వదిన: జీతాల సంగతే చూద్దాం. టీచరు కనీస జీతాన్ని రాష్ట్రమే రాస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు చాలా ఏళ్లపాటు అది 33,660 డాలర్లు. ఈ చుట్టుపక్కల ఆ డబ్బుకు వచ్చే టీచరుంటే చూపించు. ఆ కనీసానికీ, నిజంగా ఇచ్చేదానికీ మధ్య ఉన్న తేడా ఎవరు తేలుస్తున్నారు? బోర్డు. ఇంకో సంగతి. వేరే రాష్ట్రాల్లో యూనియన్ వెళ్లి యాజమాన్యంతో కూర్చుని జీతం మాట్లాడుతుంది. టెక్సస్‌లో ప్రభుత్వ స్కూలు టీచర్లకు అలా బేరమాడే వీలే లేదు, చట్టం ఒప్పుకోదు. సమ్మె చేస్తే ఉద్యోగ హక్కులు పోతాయి. మేం అడగాలంటే మిగిలింది బోర్డు మీటింగులో మైకు ముందు రెండు మూడు నిమిషాలు. ఎదురుగా కూర్చున్నవాళ్లు వినేవాళ్లా కాదా అన్నది నువ్వు వెయ్యనంటున్న ఆ ఓటు మీదే ఉంది.

మరిది: అంటే ఇది మీ జీతాల గొడవన్నమాట.

వదిన: జీతమొక్కటే అయితే నేనే వేరే ఉద్యోగం చూసుకునేదాన్ని. క్లాసులో ఏమవుతుందో చెప్తా విను. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా క్లాసుకు 22 మంది అని టెక్సస్ చట్టంలో పరిమితి ఉంది. అది కూడా కావాలంటే మినహాయింపు తెచ్చుకోవచ్చు. ఐదో తరగతి నుంచి ఆ పరిమితే లేదు. ఎంతమందిని కూర్చోబెట్టాలన్నది డిస్ట్రిక్టు బడ్జెట్‌ను బట్టి. నా ల్యాబులో ఎనిమిది టేబుళ్లు, టేబుల్‌కు నలుగురు. అంతకు మించి వస్తే సింకు పక్కన స్టూలు వేస్తాను. కళ్లద్దాలు చాలవు, వంతులేసి ఇస్తాను. ముందు బెంచీవాళ్లు బేకింగ్ సోడాలో వెనిగర్ పోసి పొంగు చూస్తుంటే, వెనక టేబుల్ వాళ్లు అద్దాల కోసం చెయ్యి చాపి నిలబడతారు. వాళ్ల వంతు వచ్చేసరికి బెల్లు కొడతారు. రేపు చేద్దాంలే అంటాను. రేపు ఇంకో పాఠం ఉంటుంది. ఆ వెనక టేబుల్ దగ్గర నీ కూతురే ఉండొచ్చు.

మరిది: ఉండదు. అందుకే కదా ఈ ఇల్లు కొన్నది! వదినా, నిజం మాట్లాడుకుందాం. మనవాళ్లు ఇల్లు చూసేటప్పుడు ముందు వంటిల్లు చూస్తారా, స్కూలు రేటింగ్ చూస్తారా? తొమ్మిదికి తక్కువుంటే కారు దిగరు. నేను నా ఓటు ఇల్లు కొన్నప్పుడే వేశాను. ముప్పై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టి వేశాను. స్కూలు బాగాలేకపోతే అమ్మేసి పోతాను. ఓటుకంటే బోర్డుకు ఆ భయమే ఎక్కువ.

వదిన: నువ్వు చూసిన రేటింగ్ నిన్నటిది. పదేళ్ల కిందట కూర్చున్న బోర్డు మంచి సూపరింటెండెంట్‌ను తెచ్చింది, ఆయన మంచి ప్రిన్సిపాళ్లను పెట్టాడు, వాళ్లు నిలబడే టీచర్లను తెచ్చుకున్నారు. ఆ ఫలం నీకు అంకెగా కనిపించింది. ఇప్పటి బోర్డు చేస్తున్న పని నీ అంకెలోకి వచ్చేసరికి నీ పిల్లలు కాలేజీలో ఉంటారు. పక్కనే ప్లేనోను చూడు. పేరున్న డిస్ట్రిక్టే. పిల్లలు తగ్గుతున్నారని 2024లో బోర్డు ఓటేసి నాలుగు స్కూళ్లు మూసెయ్యడానికి తీర్మానించింది, రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్. ఆ స్కూళ్లు చూసి ఇళ్లు కొన్నవాళ్లు కూడా ముప్పై ఏళ్ల అప్పు మీదే సంతకం పెట్టారు.

మరిది: మరి పిల్లలు లేని స్కూలుకు ఏసీ బిల్లు కట్టమంటారా? ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది నాకు.

వదిన: సరైనదే కావచ్చు. ఏ స్కూలు మూయాలి, ఆ పిల్లల్ని ఎటు పంపాలి, ఆ టీచర్లను ఏం చెయ్యాలి అన్నప్పుడు ఆ దెబ్బ ఎవరి గుమ్మం దాకా వస్తుందో, ఎవరి గుమ్మం దాటి పోతుందో నిర్ణయించే మనుషులు కావాలి కదా. నేను వాళ్ల గురించి మాట్లాడుతున్నాను.

మరిది: సరే, మీకో మాట చెప్పనా? కోపం తెచ్చుకోకండి. ఈ ఎన్నికలు మే నెలలో ఎవరికీ పట్టని శనివారం ఎందుకు పెడతారు? జనం రాకపోతే పట్టు ఉన్న గుంపు గెలుస్తుంది. సారా అంజియా అని ఒక రాజనీతి శాస్త్రవేత్త 2014లో పుస్తకమే రాసింది. పెద్ద ఎన్నికలతో కలపకుండా విడిగా పెట్టే చోట టీచర్ల సంఘాల మాట ఎక్కువ చెల్లుతుందనీ, జీతాల్లో కూడా ఆ తేడా కనిపిస్తుందనీ. అంటే ఉద్యోగులే తమ యజమానిని ఎన్నుకుంటున్నారు. నేను పోయి దాంట్లో పాలుపంచుకోవడం ఎందుకు? మీ టీచర్లందరూ ఎటూ వేసుకుంటారు, వేసుకోండి.

వదిన: ఆ పుస్తకంలోని మాట నేను కాదనను. కానీ నువ్వు చెప్పింది ఓటు వెయ్యకపోవడానికి కారణమా, వెయ్యడానికి కారణమా? గుంపు గెలుస్తోందని తెలిసి ఇంట్లో కూర్చుంటే ఆ గుంపుకు నువ్వు కూడా సాయం చేసినట్టే. అదలా ఉంచు. మా టీచర్లందరూ వేసుకుంటారన్నావు. నేను ఎక్కడ వేస్తాను చెప్పు?

మరిది: ఇక్కడే. మీ స్కూలు ఇక్కడేగా.

వదిన: స్కూలు ఇక్కడ. ఇల్లెక్కడ? మీ అన్నయ్యా నేనూ ఈ ఊళ్లో ఇల్లు కొనలేకపోయాం. రోజూ టోల్‌వే మీద వచ్చి పోతున్నాను. ఓటు ఉండేది ఇంటి అడ్రసుకు, ఉద్యోగానికి కాదు. నేను పాఠం చెప్పే డిస్ట్రిక్టులో నాకు ఓటు లేదు. మా స్టాఫ్‌రూంలో ఇలాంటివాళ్లు ఎంతమందో. ఈ ఊరి పిల్లలకు పాఠాలు చెప్పే జీతానికి ఈ ఊళ్లో ఇల్లు రాదు.

మరిది: ఇదెప్పుడూ ఆలోచించలేదు. అయితే మీ క్లాసు సంగతి తేల్చేది...

వదిన: నువ్వు. నువ్వూ, నీలా అడ్రసు ఇక్కడున్నవాళ్లూ. నా క్లాసులో ఉన్నవాళ్లకు వయసు లేదు. నాకు అడ్రసు లేదు. ఇక మీ సబ్‌డివిజన్ తీసుకో. మీ కల్-డి-సాక్‌లో ఎన్ని తెలుగిళ్లున్నాయి?

మరిది: ఎనిమిదో తొమ్మిదో. సగం మంది ఇంకా హెచ్‌వన్ వీసా మీదే ఉన్నారు. గ్రీన్‌కార్డు క్యూ కదలడం లేదు. అందరూ నాలాగే టాక్స్ కడుతున్నారు.

వదిన: కట్టేది సమానం, అడిగే హక్కు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో ఓటర్లు ఒప్పుకున్నారు కాబట్టి పౌరులు కాని తల్లిదండ్రులు కూడా అక్కడ స్కూల్ బోర్డుకు ఓటెయ్యొచ్చు. టెక్సస్‌లో అది కుదరదు. 2025 నవంబరులో రాజ్యాంగ సవరణ పెట్టి మరీ ఆ తలుపు బిగించారు. పొరపాటున గ్రీన్‌కార్డు వాళ్లెవరైనా వేస్తే కేసు అవుతుంది, కార్డుకే ముప్పు. కాబట్టి ఆ ఇళ్ల పిల్లల గురించి ఓటెయ్యగలిగింది నీలాంటివాడే. వాళ్లు బోర్డు మీటింగుకు వచ్చి మైకులో మాట్లాడొచ్చు, దానికి పౌరసత్వం అక్కర్లేదు. కానీ ఓటర్లు వెనక ఉన్న మాటకూ, లేని మాటకూ తేడా ఉంటుంది.

మరిది: మరి ఈ ఎన్నికకు వచ్చి వేసేదెవరు?

వదిన: ఎక్కువగా పెద్దవాళ్లు. వాళ్లను తప్పుపట్టను, ఓపికగా వచ్చి క్యూలో నిలబడతారు. కానీ టెక్సస్‌లో అరవై ఐదు నిండితే సొంతింటి మీద స్కూలు పన్ను అక్కడికి బిగిసిపోతుంది, ఇల్లు పెంచి కట్టుకుంటే తప్ప పెరగదు. పిల్లలు స్కూలు దాటి ఎప్పుడో అయింది. పన్ను పెరగదు, పిల్లలు లేరు, ఓటు మాత్రం ఉంది. కాలిఫోర్నియా, ఇల్లినాయ్, ఓహాయో, ఓక్లహామా ఓటరు జాబితాలు పట్టుకుని పరిశోధకులు లెక్కగట్టారు. స్కూల్ బోర్డుకు ఓటేసినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో బడి పిల్లలే లేరు. పిల్లలున్నవాళ్లు సాకర్ ప్రాక్టీసు దగ్గర ఉన్నారు, నీలాగా.

మరిది: సరే, వేసేవాళ్లు కొందరే. కానీ గెలిచిన కొత్త బోర్డు క్లాసు గది దాకా వస్తుందా? మీ తలుపు మూసుకున్నాక మీ పాఠం మీది.

వదిన: సౌత్‌లేక్ గుర్తుందా? 2021 మేలో అక్కడ కారల్ డిస్ట్రిక్టు బోర్డు ఎన్నిక దేశం మొత్తం చూసింది. వివక్ష తగ్గించే ప్రణాళిక ఒకటి వద్దన్నవాళ్లు దాదాపు డెబ్బై శాతం ఓట్లతో గెలిచారు. ఎవరిది రైటు అన్నది పక్కన పెట్టు. ఆ తర్వాత ఏమైంది? అంతకుముందు ఒక నాలుగో తరగతి టీచరు తన క్లాసులో జాత్యహంకారం గురించిన పుస్తకం ఒకటి పెట్టుకుంది. ఒక పిల్ల దాన్ని ఇంటికి తీసుకెళ్లింది, తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. అధికారులు విచారించి శిక్ష అక్కర్లేదన్నారు. తల్లిదండ్రులు బోర్డుకు పోయారు. ఆ అక్టోబరులో బోర్డు అధికారుల నిర్ణయాన్ని తోసేసి ఆ టీచర్ను మందలించింది, 3-2 ఓటుతో. ఒక్క ఓటు తేడా. ఆ మర్నాడు చుట్టుపక్కల ఎన్ని క్లాసుల్లో టీచర్లు తమ అల్మరా ముందు నిలబడి పుస్తకాల వీపులు చదువుకుని ఉంటారో ఆలోచించు.

మరిది: మళ్లీ పుస్తకాల పోట్లాట. నాకు చిరాకు వచ్చేది ఇక్కడే. రెండువైపులా అరుపులు. మధ్యలో మనమెందుకు?

వదిన: నువ్వు మధ్యలో లేకపోతే రెండు చివరలే మిగులుతాయి. ఇప్పుడు ఆ పోట్లాట చట్టంలోకే వచ్చింది. 2025 చట్టం ప్రకారం స్కూలు లైబ్రరీకి కొనే పుస్తకాల జాబితా బోర్డు ఆమోదానికి పోవాలి. అంతకుముందు 2023లో స్కూళ్లలో చాప్లిన్లను, అంటే మతగురువులను, పెట్టుకోవచ్చని చట్టం చేసి, 2024 మార్చి 1 లోపల ప్రతి బోర్డూ పెట్టుకుంటుందో లేదో ఓటేసి చెప్పాలన్నారు. పగ్గాలు ఆస్టిన్‌లో ఉన్నాయన్నావు కదా. ఆస్టిన్ చట్టం రాసి, చివర్లో బోర్డు ఓటెయ్యాలి అని గీత గీస్తోంది. ఆ గీత మీద సంతకం పెట్టేవాడు ఎవరన్నది నీకు చిరాకు పుట్టించే ఈ కార్డుల్లోనే ఉంది.

మరిది: హ్యూస్టన్ సంగతేంటి మరి? 2023 జూన్‌లో రాష్ట్రం వచ్చి, జనం ఎన్నుకున్న బోర్డును పక్కన కూర్చోబెట్టి, తన మనుషుల్ని వేసుకుంది. సూపరింటెండెంట్‌నూ తనే తెచ్చుకుంది. ఓటు వేసి గెలిపించుకున్నా ఇంతే కదా!

వదిన: అది నన్నూ బాధపెట్టింది. ఆ పని సరైనదని నేననను. కానీ రాష్ట్రానికి ఆ సందు ఎలా దొరికింది? ఒక్క స్కూలు వరసగా ఏళ్లపాటు ఫెయిలైతే డిస్ట్రిక్టు మొత్తాన్ని పట్టుకోవచ్చని 2015 చట్టంలో రాసుకున్నారు. వీట్లీ హైస్కూలు అలా ఫెయిలైంది, పైగా బోర్డు సభ్యుల ప్రవర్తన మీద రాష్ట్రం విచారణ చేసి తప్పులు పట్టుకుంది. బోర్డు సరిగా ఉండుంటే అంత సులువుగా దొరికేది కాదు. ఆ తర్వాత ఏమైందో కూడా చూడు. 2024 నవంబరులో 4.4 బిలియన్ డాలర్ల అప్పు తెచ్చుకునే బాండు అడిగితే హ్యూస్టన్ ఓటర్లు వద్దన్నారు. ఎన్నుకున్న బోర్డుకు అధికారం లేనప్పుడు కూడా చెల్లే ఓటును వాళ్లు వాడుకున్నారు. నువ్వు ఉన్నదాన్నే వాడుకోవడం లేదు.

మరిది: బాండు మాటెత్తారు కాబట్టి అడుగుతాను. మీ టీచర్లకు జీతాల్లేవంటారు, పక్కనే స్టేడియాలు కడతారు. అలెన్‌లో హైస్కూలు ఫుట్‌బాల్‌కు దాదాపు 60 మిలియన్ డాలర్లతో స్టేడియం కట్టారు. 2012లో తెరిచారు, రెండేళ్లు తిరక్కుండా పగుళ్లొచ్చి మూశారు, మళ్లీ రిపేర్లు. ఈ లెక్క ఎవరు చెప్పాలి?

వదిన: మంచి ప్రశ్న. రెండు లెక్కలున్నాయి. బాండు డబ్బు బిల్డింగులకు, బస్సులకు, కంప్యూటర్లకు. దాంట్లోంచి జీతం ఇవ్వకూడదు. జీతాలు వేరే పన్నులోంచి వస్తాయి. ఆ పన్నును ఒక హద్దు దాటించాలంటే బోర్డు ప్రత్యేకంగా ఓటర్లను అడగాలి. అందుకే స్టేడియం లేచినంత సులువుగా మా జీతం లేవదు. ఇక అలెన్ స్టేడియం ఎవరు కట్టించారనుకున్నావు? 2009లో ఓటర్లే బాండుకు సరే అన్నారు. ఆ రోజు ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా దానికి పన్ను కట్టారు.

మరిది: అయితే ఈసారి మా బ్యాలెట్లో ఉన్న బాండుకు నేను వద్దని వేస్తాను.

వదిన: వెయ్యి. కానీ ఒకటి తెలుసుకుని వెయ్యి. బ్యాలెట్లో ప్రతి స్కూలు బాండు పక్కనా ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు అని పెద్దక్షరాల్లో రాసి తీరాలని 2019 నుంచి చట్టం. పన్ను రేటు నిజంగా పెరగకపోయినా రాయాలి. ఆ వాక్యం ఒక్కటే చదివి బయటికొచ్చెయ్యకు. ఈ బాండులో రూఫుకెంత, స్టేడియానికెంత, ఏ స్కూలు ఏసీ మారుస్తారు అన్నది విడివిడిగా చూడు.

మరిది: వదినా, మీ మాటకు సగం ఒప్పుకుంటాను. రాష్ట్రం గట్టిగా తలుచుకుంటే ఈ ఏడుగురూ ఆపలేరు. అందులో నా మాటే నాది. కానీ మీకే ఓటు లేదన్నది నాకు గుచ్చుకుంది. వేస్తాను. బాండుకు మాత్రం వద్దనే. ఇక బోర్డులో ప్లేస్ 4 సీటుకు, ఈ కార్డు మీదున్న అకౌంటెంట్‌కు వేస్తాను.

వదిన: అతనికా! స్కూళ్లు మూసి మిగులు చూపిస్తానంటున్నాడు.

మరిది: లెక్కలు తెలిసినవాడు ఏడుగురిలో ఒక్కడైనా ఉండొద్దా?

వదిన: ఉండాలి. మూసిన స్కూలు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతాడో ఆ లెక్క చెప్పాడా? క్లాసుకు ఎంతమందిని దాటనివ్వనంటున్నాడు? ఏ అంకె చెప్పాడు?

మరిది: కార్డు మీద లేదు.

వదిన: రేపు సాయంత్రం సిటీ లైబ్రరీలో అభ్యర్థుల ముఖాముఖి ఉంది. ప్రశ్నలు చీటీ మీద రాసిస్తే చదువుతారు. నువ్వు ఓటరువి, నీ చీటీకి విలువెక్కువ. ముందస్తు ఓటింగ్ మంగళవారం దాకా ఉంది.

మరిది: అతను చెప్పిన అంకె నాకు నచ్చితే?

వదిన: అతనికే వెయ్యి. మర్నాడొచ్చి నాతో పోట్లాడు. ఆ అంకె ఎందుకు పనికిరాదో నా ల్యాబు చూపించి చెప్తాను.